తెల్లగడ్డల మిద్దెతోట కిట్: సంచులు సరే, పాయలతోనే పేచీ

దసరా దాటిందంటే చాలు, తిరుపతి నర్సరీల ముందూ ఆన్‌లైన్‌లోనూ ‘వింటర్ గార్డెన్ కిట్’ అనే అట్టపెట్టె కనిపించడం మొదలవుతుంది. పెట్టె మీద పేరు మారుతుందే గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. ఇక్కడ చూస్తున్నది 1,499 రూపాయల పెట్టె. అందులో 12×12 అంగుళాల సంచులు 10, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఇటుక 5 కిలోలు, వర్మీకంపోస్ట్ 5 కిలోలు, వేపపిండి 1 కిలో, ‘విత్తన వెల్లుల్లి’ పావుకిలో, ఏడు రకాల విత్తనాల పొట్లాలు, వేపనూనె 100 మి.లీ., ట్రైకోడెర్మా (కుళ్లును ఆపే శిలీంధ్రం పొడి) 100 గ్రాములు, 19-19-19 ఎరువు పొట్లం, చేతి తాపీ, పచ్చ షేడ్‌నెట్ ముక్క, మడత పెట్టిన సూచనల కాగితం ఉంటాయి.

సంచులూ కోకోపీటూ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. తెల్లగడ్డలూ సూచనల కాగితమూ చెయ్యవు. పెట్టె మీద బొమ్మ తెల్లగడ్డదే కాబట్టి దాన్నుంచే మొదలుపెట్టాలి.

పొట్లం మీద ‘ప్రీమియం హైబ్రిడ్ గార్లిక్’ అని రాసి ఉంది. ఆ ఒక్క మాటతోనే అనుమానపడొచ్చు. తెల్లగడ్డ గింజ కట్టడమే అరుదు, సాగంతా పాయలతోనే. టమాటాకు, మిరపకు ఉన్నట్టు తెల్లగడ్డకు హైబ్రిడ్ విత్తనం బజార్లో ఉండదు. అమ్మేవాళ్లకు తెలిసినదైతే రకం పేరు రాస్తారు. మైదాన ప్రాంతాలకు పనికొచ్చేవి యమునా సఫేద్ వరసలోని జి-1, జి-50, జి-282, అగ్రిఫౌండ్ వైట్ అనే జి-41, రాజ్‌గురునగర్ ఉల్లి, తెల్లగడ్డ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన భీమా ఓంకార్, భీమా పర్పుల్. వీటిలో ఏదో ఒక పేరున్న పొట్లమైతే ధర కాస్త ఎక్కువైనా తీసుకోవచ్చు. పేరు లేకుండా, లావుపాటి పది పన్నెండు పాయలతో తెల్లగా మెరిసే పెద్ద గడ్డలు మాత్రమే ఉంటే, అవి హిమాలయాల దిక్కు రకం కావచ్చు.

అయితే నష్టమేమిటంటే, తెల్లగడ్డ పగటి పొడవును బట్టి ఊరుతుంది. అగ్రిఫౌండ్ పార్వతి లాంటి కొండ రకాలకు పొడుగు పగళ్లు కావాలి. తిరుపతిలో డిసెంబరు పగలు పదకొండున్నర గంటలకు మించదు. ఆ రకం ఇక్కడ నాటితే ఆకు మాత్రం ఏపుగా, ముదురు పచ్చగా వస్తుంది. చూసి మురిసిపోయి మార్చిలో పీకితే అడుగున ఉల్లికాడంత లావు కూడా ఉండదు. దానికి ఎరువు తక్కువైందని ఇంకా వేసేవాళ్లున్నారు. ఎంత వేసినా ఆకే పెరుగుతుంది.

రకం సరైనదైనా ఇంకో మెలిక ఉంది. గడ్డ పాయలుగా విడిపోవాలంటే దానికి కొన్ని వారాల చలి తగలాలి. పది డిగ్రీల లోపు చలి అయితే మేలు. తిరుపతిలో సంక్రాంతి రాత్రులు కూడా పద్దెనిమిది డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, చిత్తూరులో ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. మదనపల్లె, పలమనేరు వైపు 700 మీటర్ల ఎత్తు ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లకు ఈ తలనొప్పి కొంత తక్కువ. చలి తగలని గడ్డ విడిపోదు, ఒంటిపాయగా గుండ్రంగా మిగులుతుంది. ఒంటిపాయ తెల్లగడ్డను వైద్యానికని ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లు ఉన్నారు గనుక దాన్ని పూర్తిగా నష్టమనలేం. అయితే పెట్టె మీద బొమ్మలో ఉన్నది మాత్రం అది కాదు.

ఈ చలిని ఫ్రిజ్‌తో ఇవ్వొచ్చు. కిట్ కాగితంలో దీని మాటే లేదు. గడ్డలను విడగొట్టకుండా, పొట్టు తియ్యకుండా, కన్నాలు పెట్టిన కాగితపు సంచిలో వేసి ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే పాయ చచ్చిపోతుంది. ఐదు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య 40 రోజులు చాలు. కూరగాయల డబ్బాలో తేమ ఎక్కువ, అక్కడ వేర్లు ముందే బయటికొస్తాయి. బయటికి తీశాక వారం పది రోజులు వంటింట్లో వదిలేస్తే ఆ వేడికి చలి చేసిన పని వెనక్కిపోతుంది. తీసిన మరుసటి రోజే నాటాలి.

కాగితం మీద ‘అక్టోబరు 1 నుంచి నాటండి’ అని అచ్చేసి ఉంది. పుణే, నాసిక్ వైపు అది సరిపోతుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, అందులో నవంబరు గట్టి నెల. 2021 నవంబరు 18, 19 తేదీల వాన ఈ ఊరివాళ్లకు వేరే గుర్తు చెయ్యక్కర్లేదు. అక్టోబరు మొదట్లో నాటిన పాయకు ఒక పక్క ముప్పై రెండు డిగ్రీల ఎండ, వెంటనే నీటి ముంపు. మొలక రాకముందే కుళ్లేవి చాలా ఉంటాయి. కిట్ అక్టోబరు మొదట్లో చేతికొస్తే గడ్డల్ని ఆ రోజే ఫ్రిజ్‌లో పెట్టి, నవంబరు 10 - 20 మధ్య, విశాఖ కార్తె నడుస్తుండగా నాటుకుంటే లెక్క కుదురుతుంది. డిసెంబరు, జనవరి చల్లదనంలో ఆకు పెరుగుతుంది, ఫిబ్రవరిలో గడ్డ ఊరుతుంది, మార్చి ఎండలు ముదిరేలోపు పీకేయొచ్చు. ఇంకా ఆలస్యమై డిసెంబరు చివర నాటితే గడ్డ ఊరే వేళకు ముప్పై ఆరు డిగ్రీలు వచ్చేస్తాయి, పాయలు వేలి గోరంత అవుతాయి.

పావుకిలోలో ఎనిమిదో తొమ్మిదో గడ్డలు, విడగొడితే రకాన్ని బట్టి వంద నుంచి నూట యాభై పాయలు. పది సంచులకు కావలసింది అరవై. అంటే ఎంచుకోవడానికి చోటుంది, ఈ విషయంలో కిట్‌వాళ్లను మెచ్చుకోవాలి. గడ్డ అంచున ఉన్న పెద్ద పాయలే తీసుకోవాలి. ఒకటిన్నర గ్రాము లోపున్నవి, మెత్తబడినవి, పసుపు రంగు మచ్చ ఉన్నవి పోపులోకి పోతాయి. పాయ అడుగున వేరు పుట్టే చదునైన పళ్లెం లాంటి భాగం చెదిరితే ఆ పాయ మొలవదు, విడగొట్టేటప్పుడు కత్తి వాడకూడదు. ఇంట్లో కూరకు తెచ్చిన తెల్లగడ్డలు నాటొచ్చా అని చాలామంది అడుగుతారు. మొలక రాకుండా రేడియేషన్ ఇచ్చిన సరుకు ఎంత నానబెట్టినా లేవదు. వాటిలో ఓ నాలుగు పాయలు తడి గుడ్డలో చుట్టి పది రోజులు చూస్తే సంగతి తేలిపోతుంది.

ఇక సంచుల సంగతి. ఈ పెట్టెలో అసలు విలువ ఉన్నది వీటికే. 12×12 అని రాసినవన్నీ ఒకటి కావు. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ నేత సంచికి 12 అంటే నోటి అడ్డం, అందులో దాదాపు 22 లీటర్ల మట్టి పడుతుంది. పలుచటి నల్ల పాలిథీన్ సంచికి 12 అంటే మడతపెట్టి బల్ల మీద పరిచినప్పటి వెడల్పు. తెరిచి నింపితే అడ్డం ఏడున్నర అంగుళాలే, 9 లీటర్లకు మించదు. అంగడిలో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, ధర తేడా చూసి రెండోది తీసుకుంటే సగానికి పైగా మట్టి పోయినట్టే. ఈ కిట్‌లో ఉన్నవి నేత సంచులు, కుట్టు గట్టిగానే ఉంది, మన ఎండకు రెండు మూడేళ్లు ఆగుతాయి.

లోపం కన్నాల దగ్గరుంది. ప్రతి సంచికీ పక్కన, అడుగు నుంచి అంగుళం పైన రెండే రెండు రింగు కన్నాలు. ఆ అంగుళం మేర నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. వంకాయ మొక్క ఓర్చుకుంటుంది గానీ తెల్లగడ్డ ఓర్చుకోదు, పళ్లెం దగ్గర మొదలై గులాబీ రంగు తిరిగి కుళ్లిపోతుంది. కాల్చిన ఇనుప కడ్డీతో అడుగున ఎనిమిది కన్నాలు, పెన్సిల్ దూరేంత, పెట్టుకోవాలి. సంచిని నేరుగా మిద్దె మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే నీళ్లు కిందికి పోతాయి, మిద్దెకు చెమ్మా పట్టదు. తడిసిన సంచి ఒక్కోటి పాతిక కిలోలు తూగుతుంది. పదీ మిద్దె నడిమధ్యన కుప్పగా పెట్టకుండా గోడ పొడుగునా, దూలాల మీదుగా వరసగా పెట్టడం క్షేమం.

కోకోపీట్ బాగుంది. 5 కిలోల ఇటుకకు పాతిక లీటర్ల నీళ్లు పోస్తే 65 లీటర్లకు పైనే ఉబ్బింది, పీచు తక్కువ, పొడి నిండుగా ఉంది. పొట్లం మీద ‘లో ఈసీ’ (ఉప్పు తక్కువ) అని ఉన్నా ఒకసారి కడగడం మంచిది. నానిన పీట్‌ను గోనెసంచిలో వేసి నీళ్లు పోసి, కారేది టీ డికాషన్ రంగు పోయి లేత పసుపులోకి వచ్చేదాకా రెండు మూడుసార్లు వంపాలి. ఉప్పు మిగిలితే ఆకుల కొనలు మాడతాయి. తిరుపతి బోరు నీళ్లు చాలా వీధుల్లో అసలే ఉప్పన, సంచి అంచున తెల్లటి పూత కడుతుంది. వాన పడే రోజుల్లో డ్రమ్ములో పట్టుకున్న నీళ్లే వాడుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

కాగితం చెప్పే మిశ్రమం ‘కోకోపీట్ సగం, వర్మీకంపోస్ట్ సగం’. లెక్కలోనే తేడా ఉంది. పది సంచులకు 220 లీటర్లు కావాలి. కిట్‌లో ఉన్న రెండూ కలిపినా 75 లీటర్లు దాటదు. మూడు సంచులు నిండి, మిగతా ఏడూ ఖాళీగా చూస్తుంటాయి. ఈ మాట పెట్టె మీద ఎక్కడా లేదు, ఇదే ఈ కిట్ చేసే పెద్ద దాపరికం. పైగా మట్టి లేకుండా కట్టిన సంచి వానలో స్పాంజిలా నీళ్లు పట్టేస్తుంది. ఎర్రమట్టి రెండు వంతులు, కోకోపీట్ ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక వంతు, వాగు ఇసుక అర వంతు కలిపితే పదీ నిండుతాయి. బయట నుంచి తెచ్చుకోవలసింది నాలుగైదు గోతాల ఎర్రమట్టి, రెండు గోతాల ఎరువు, కొంత వాగు ఇసుక. వేపపిండి సంచికి గుప్పెడు, 50 గ్రాముల చొప్పున వేస్తే సగం కిలో మిగులుతుంది. కిట్‌లోని వేపపిండి వాసన ఘాటుగా, ముట్టుకుంటే నూనె జిడ్డుగా ఉంది, మంచి సరుకే. వాసన లేని పొడిపిండి అంటగట్టే చోట్లు ఉన్నాయి.

ట్రైకోడెర్మా పొట్లం మీద తయారీ తేదీ చూసుకోవాలి. బతికున్న శిలీంధ్రం అది, అంగడిలో ఎండ తగిలే అరలో ఆరు నెలలు పడుంటే మిగిలేది సుద్దపొడి. తేదీ సరిగా ఉంటే లీటరు నీటికి 10 గ్రాములు కలిపి పాయలను అరగంట ముంచి నాటాలి. మిగిలినదాన్ని ఎరువులో కలిపి తడి గోనె కప్పి వారం నీడన ఉంచితే ఎక్కువ మేలు.

నాటేటప్పుడు పాయ కొన పైకి, చదును భాగం కిందికి, రెండంగుళాల లోతు, పాయకూ పాయకూ మధ్య నాలుగంగుళాలు. ఒక సంచికి అంచు వెంట ఐదు, మధ్యలో ఒకటి. తలకిందులుగా పెట్టినా మొలుస్తుంది గానీ కాడ వంకర తిరిగి గడ్డ గూనిగా వస్తుంది. పైన చెనిక్కాయ పొట్టు అంగుళం మందాన పరిస్తే వాన చినుకులకు మట్టి చిట్లదు. మన జిల్లాలో పొట్టుకు కొదవ లేదు. అయితే కాండం కుళ్లు వచ్చిన చేనిదైతే ఆవగింజల్లాంటి శిలీంధ్ర బీజాలు దానితో పాటు వస్తాయి, అవి తెల్లగడ్డనూ పట్టుకుంటాయి. అలాంటి పొట్టు వద్దు. దానికి బదులు చెరకు ఆకు తరుగు వాడుకోవచ్చు.

పచ్చ షేడ్‌నెట్ ఎందుకిచ్చారో అంతుబట్టదు. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లగడ్డకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి, నెట్ కింద కాడ సన్నబడుతుంది. వానను అది ఆపదు సరికదా, పెద్ద చుక్కలుగా చేసి జారుస్తుంది. ముసురు పట్టినప్పుడు కావలసింది వెదురు బద్దలు వంచి కట్టిన తెల్ల పాలిథీన్ షీటు, రెండు పక్కలా గాలి ఆడేలా. తుపాను గాలి హెచ్చరిక ఉన్న రోజున ఆ షీటు విప్పేసి, సంచులను గోడ వారకు జరిపి, ఇటుకల మీదే ఉంచాలి. నెట్‌ను కోతుల కోసం దాచుకోండి. అలిపిరి, కపిలతీర్థం చుట్టుపక్కల మిద్దెల మీద మొక్క పెట్టినవాళ్లకు ఆ అవసరం చెప్పక్కర్లేదు. నాటిన మొదటి పది రోజులు సంచి నోటికి నెట్ బిగించి కడితే పాయలు పీకి పారేయవు.

ఎరువు పొట్లం 19-19-19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 19 శాతం. మొలిచిన 20వ రోజున, 40వ రోజున లీటరుకు 2 గ్రాములు కలిపి సంచికి అర లీటరు పోస్తే సరి. ఆ తర్వాత నత్రజని ఆపేయాలి. కాగితంలో ‘పంట చేతికొచ్చేదాకా వారానికోసారి’ అని ఉంది, అలా పోస్తే గడ్డ ఊరే సమయంలో పాయలు లోపలే మొలకెత్తి, పక్కనుంచి సన్నటి ఆకులు గుత్తిగా తన్నుకొస్తాయి. తెల్లగడ్డ ఘాటంతా గంధకంలో ఉంటుంది, కిట్‌లో గంధకం కోసమని విడిగా ఇచ్చిందేమీ లేదు. సంచికి ఒక చెంచా జిప్సం మట్టిలో ముందే కలిపి, 60వ రోజున సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు 3 గ్రాములు పోస్తే ఆ లోటు తీరుతుంది.

వేపనూనె సీసా మీద అజాడిరాక్టిన్ (వేపలో పురుగును ఆపే పదార్థం) ఎంతో రాయలేదు. 1500 పీపీఎం అయితే లీటరుకు 5 మి.లీ. అని లెక్క, ఈ సీసాలో ఉన్నది ముడి వేపనూనెలా నీళ్ల మీద తేలిపోతుంది. అర చెంచా సబ్బు ద్రావణంలో ముందు నూనెను గిలకొట్టి, తర్వాత నీళ్లు కలపాలి, సాయంత్రం పూటే కొట్టాలి. దీని పని వానల్లో కాదు, వానలు వెనక్కి తగ్గాక. పొడి గాలి మొదలయ్యే జనవరిలో తామర పురుగులు ఆకు మడతల్లోకి చేరి గీకుతాయి, ఆకు వెండి చారలు తేలి కొన ముడుచుకుంటుంది. మొదట లోపలి లేత ఆకు విప్పి చూడాలి, పైపైన కొడితే నూనె వాటిని తాకదు. నీలం రంగు జిగురు అట్ట రెండు వేలాడదీస్తే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. డిసెంబరు మంచులో ఆకు మీద పడే ఊదా మచ్చలు వేరే సంగతి, అది శిలీంధ్రం, దానికి వేపనూనె పనిచెయ్యదు. మచ్చ ఉన్న ఆకు కత్తిరించి పారేసి, సాయంత్రాలు ఆకు మీద నీళ్లు చల్లడం మానాలి.

విత్తనాల పొట్లాల గురించి క్లుప్తంగా. మెంతికూర నాలుగు రోజుల్లో, ముల్లంగి ఐదులో, పాలకూర పది రోజుల్లోపు లేచాయి, వీటికి వంక పెట్టలేం. కొత్తిమీర గింజలు గుండ్రంగా అలాగే ఇచ్చారు, చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి నాటితే పన్నెండు రోజుల లోపు వస్తుంది. టమాటా పర్లేదు. క్యారట్ తిరుపతిలో పాలిపోయి వేలు లావున ఆగిపోతుంది, పలమనేరువాళ్లు వేసుకోవచ్చు. కాలీఫ్లవర్ పొట్లం మీద రకం పేరు లేదు. స్నోబాల్ జాతిదైతే పువ్వు కట్టడానికి పది పదహారు డిగ్రీలు కావాలి, ఇక్కడ ఆకులే చూసుకుంటూ కూర్చోవాలి. పొట్లం వెనక మొలక శాతం, పరీక్ష తేదీ ఉన్న లేబుల్ చూడండి, తేదీ నుంచి తొమ్మిది నెలలు దాటితే ఒప్పుకోకండి. గింజకు గులాబీ రంగు పూత ఉంటే మందు పట్టించినట్టు, ఆ మెంతులు, ధనియాలు పొరపాటున కూడా వంటింటి డబ్బాలోకి పోకూడదు. రకం తెలిసిన విత్తనమే కావాలంటే బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవి తెప్పించుకోవచ్చు, పాలకూరలో అర్క అనుపమ వాళ్లదే.

డబ్బు లెక్క కూడా చూడాలి. అరవై పాయలు అన్నీ బతికినా, గడ్డ ఒక్కోటి పదిహేను ఇరవై గ్రాములు తూగితే కిలోకు అటూ ఇటూ. తెల్లగడ్డల కోసమే 1,499 పెట్టడం దండగ. కాకపోతే మిగిలిన చిన్న పాయలను ఒక ట్రేలో దగ్గర దగ్గరగా గుచ్చితే నెల రోజుల్లో పచ్చి ఆకు కోతకొస్తుంది, జానెడు ఎత్తున కత్తిరిస్తే ఇంకోసారి చిగురిస్తుంది. పప్పులోకి, పచ్చడిలోకి ఆ ఆకు వాసన అంగట్లో దొరికేది కాదు. దీనికి రకంతోనూ చలితోనూ పని లేదు, తిరుపతి మిద్దె మీద తెల్లగడ్డతో తప్పకుండా వచ్చే పంట ఇదొక్కటే. సంచులు, కోకోపీట్, వేపపిండి విడిగా కొనుక్కుని, రకం పేరున్న గడ్డలు వేరే తెచ్చుకునేవాళ్లకు ఈ పెట్టె అవసరం లేదు. ఏమీ లేకుండా మొదలుపెట్టేవాళ్లు, ఎర్రమట్టి ఖర్చు వేరే పెట్టుకోగలిగితే, కొనొచ్చు. ఐదుకు మూడు ఇస్తాం, ఆ మూడూ సంచులవీ పీట్‌వీ వేపపిండివీ.

కోత గురించి కాగితంలో ‘ఆకులు ఎండాక’ అని ఒక్క మాటే ఉంది. పూర్తిగా ఎండేదాకా ఆగితే పైపొర చిట్లి పాయలు విడిపోతాయి, నిల్వ ఉండవు. కింది మూడు నాలుగు ఆకులు పసుపెక్కి, పైన ఐదారు ఇంకా పచ్చగా ఉండగా నీళ్లు ఆపి, పది పదిహేను రోజులకు పీకాలి. లాగితే కాడ తెగుతుంది, తాపీతో పక్కన మట్టి వదులు చేసి ఎత్తాలి. కడగకుండా, ఆకుతో సహా, నీడలో గాలి ఆడే చోట గుత్తులుగా కట్టి రెండు మూడు వారాలు వేలాడదీస్తే మెడ దగ్గర గలగలమంటుంది. వాటిలో అన్నిటికన్నా బాగా ఊరిన ఐదారు గడ్డలు వంటింట్లోకి పోనివ్వకుండా మెష్ సంచిలో పెట్టి దాచుకోండి. వచ్చే అక్టోబరు మొదట్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాల్సినవి అవే.